ఏమో గోడ

పిల్లలు జవాబు చెప్పే ముందు చూపుడువేలితో బల్ల మీద రెండుసార్లు కొడతారు. టక్ టక్. ఆ తర్వాత జవాబు వస్తుంది. తడబాటు ఉండదు, పక్కవాడి పలకలోకి తొంగిచూడటం ఉండదు, తల గోక్కోవడం ఉండదు. ఆకు పచ్చగా ఎందుకుంది? టక్ టక్, పత్రహరితం వల్ల. వాన ఎందుకు పడుతుంది? టక్ టక్. తోళ్లవాడ సర్కారు ప్రాథమిక బడిలో ఇరవై ముగ్గురు పిల్లలు, ఇరవై మూడు వేళ్లు. రాష్ట్రమంతా కలిపి పదకొండు లక్షల వేళ్లు.

ఆ రెండు దెబ్బలు అనసూర్య టీచరువి. ఇరవై రెండేళ్లుగా ఆమె సుద్దముక్కతో బల్ల మీద రెండుసార్లు కొట్టి పాఠం ఎత్తుకునేది. పిల్లలు మాటలాపి ఇటు చూడాలని, అంతే. పట్నంలో ఒక యంత్రం ఆమె పాఠాన్ని అచ్చు తీసుకున్నప్పుడు ఈ అలవాటును కూడా పాఠమే అనుకుంది. గడ్డి పీకితే మట్టిపెళ్ల వచ్చినట్టు వెంట వచ్చింది.

మొదట్లో ఆ చప్పుడు వింటే ఆమెకు గర్వంగా ఉండేది. ఇప్పుడు అది మొదలవగానే గదిలోంచి బయటికి వెళ్లిపోతుంది. పదకొండు రోజుల కిందట నాలుగో తరగతి భానుతేజ కూడా అలాగే గోడ మీద రెండుసార్లు కొట్టి, గుంటలోకి దిగాడు.

విద్యాశాఖవాళ్లు ఆ యంత్రానికి పెద్ద పేరే పెట్టారు. పిల్లలు మాత్రం టోపీ అన్నారు. రోజూ పది గంటలకు పదకొండు నిమిషాలు నెత్తిన పెట్టుకుంటే ఆ రోజు పాఠం బుర్రలో దిగిపోతుంది. చదవడం లేదు, వినడం లేదు. ఒకరికి నిప్పు కాలుతుందని ఎంత గట్టిగా తెలుసో, అంత గట్టితనాన్ని వాళ్ల తలలోంచి ఎత్తి ఇంకో తలలో దింపడం దాని పని. బడికి టోపీలు వచ్చిన రోజున భానుతేజ బాపమ్మ పోచవ్వ గేటు పట్టుకుని నిలబడి, "సర్కారు మాకు టోపీ వెట్టుడు కొత్తనా" అంది. అందరూ నవ్వారు. అనసూర్య ఇంకా ఎక్కువ నవ్వింది.

ఆమె ఎందుకు ఒప్పుకుందో తెలుసుకోవాలంటే ఆ బడిని చూడాలి. ఒక్క భూతద్దం కోసం ఆమె పన్నెండేళ్లు అర్జీలు పెట్టింది. కలెక్టరాఫీసు మెట్ల మీద కూర్చుంది, రెండుసార్లు బదిలీ అయింది, మళ్లీ కొట్లాడి అదే బడికి వచ్చింది. భూతద్దం రాలేదు. పట్నంలో ఫీజులు కట్టే పిల్లలకు గాజు గొట్టాలు, దీపాలు, తెల్ల కోట్లు. తోళ్లు నానబెట్టే వాళ్ల పిల్లలకు బొమ్మల్లో గాజు గొట్టాలు. అట్లాంటి మనిషి దగ్గరికి వచ్చి, మీ తలలో ఉన్నదంతా రాష్ట్రంలోని ప్రతి సర్కారు బడి పిల్లకూ ఒకే రోజున ఇస్తామంటే ఎవరు వద్దంటారు? ఆమె ఎగిరి గంతేసింది.

నాలుగు వందల మంది టీచర్లను పరీక్షించి ఆమెనే ఎంచుకున్నారు. కారణం వింటే ఏడవాలో నవ్వాలో తెలియదు. ఆమె పిల్లలు అందరికంటే ఎక్కువ ప్రశ్నలు అడుగుతారట.

అడగకేం? ప్రతి శనివారం ఆఖరి గంట ఆ బడిలో ఏమో గంట. పుస్తకం మూసెయ్యాలి. జవాబు తెలియని ప్రశ్న ఎవరైనా అడగొచ్చు. ప్రశ్నను బొగ్గుతో వెనక గది గోడ మీద రాయాలి. టీచర్ కూడా ఆ గంటలో కనీసం ఒక్కసారి "ఏమో" అనాలి, లేకపోతే పిల్లలకు పల్లీలు పంచాలి. చీమకు నిద్ర వస్తదా? అద్దంల ఉన్న నేను ఊపిరి తీస్తన్ననా? సగం గోడ అట్లాంటివే. జవాబు దొరికిన ప్రశ్నను చెరిపేసేవాళ్లు. దొరకనివి అట్లాగే ఉండేవి. కింది వరుసలో, ఒక పక్కకు వాలిన అక్షరాలతో భానుతేజ రాసింది ఒకటి ఉండేది: వాసన పోయినంక గాలి ఎటు పోతది?

వాడు ఊరికే అడగలేదు. తోళ్లవాడలో వాసన కంటే పెద్ద పాఠం ఏముంది. ఫ్యాక్టరీ గాలి ఇటు తిరిగితే అన్నం ముద్ద నోట్లోకి పోదు. కాసేపటికి వాసన ఉండదు, అందరూ తింటారు. ఎటు పోయింది? అనసూర్య ఆ శనివారం "ఏమో" అంది. నిజంగానే ఆమెకు తెలియదు. చదివి చెప్తా అంది. ఆ తర్వాతి వారమే పట్నం నుంచి పిలుపొచ్చింది.

ప్రయోగశాల మంచి చల్లగా ఉంది. యంత్రాన్ని తయారుచేసిన డాక్టర్ విహారి నెమ్మదస్తుడు, ఆమె చెప్పులు విడవబోతే వద్దని ఆపిన మనిషి. ఆమె ఎదురుగా తెర మీద ఒక పచ్చగీత. ఆమె గట్టిగా తెలిసిన మాట చెబితే గీత నిటారుగా లేస్తుంది, అప్పుడు అచ్చు పడుతుంది. అనుమానం ఉంటే గీత వడలిపోయిన తోటకూర కాడలా వాలిపోతుంది. నాలుగు రోజులు గాలి, నీరు, వేరు, విత్తనం అన్నీ చెప్పింది. ఐదో రోజు విషవాయువుల పాఠం. కుళ్లిన గుడ్డు వాసన వస్తే చెడ్డగాలి ఉన్నట్టు, దూరంగా ఉరకాలి అంది. గీత లేచింది. మరి తిరిగి ఎప్పుడు రావొచ్చో పిల్లలకు చెప్పాలి కదా అన్నాడు విహారి.

"వాసన పోయినంక" అని ఆమె ఆగింది. "గాలి మొత్తం పోయిందో లేదో, ఏమో..."

గీత పడిపోయింది. మళ్లీ చెప్పింది. మళ్లీ పడిపోయింది. అలా పద్నాలుగుసార్లు. గాజు గోడ అవతల ప్రయోగశాల కుర్రవాళ్లు గడియారం చూసుకుంటున్నారు, ఆమెను ఊరికి దింపే కారు బయట ఆగి ఉంది.

"ఏమో అంటే అచ్చు పడదు మేడం" అన్నాడు విహారి, చాలా మర్యాదగా. "ఏదో ఒకటి తేల్చుకోండి."

ఆమెకు గోడ గుర్తొచ్చింది. వాలిపోయిన ఆ అక్షరాలు కళ్ల ముందు నిలబడ్డాయి. గుర్తొచ్చింది కాబట్టే ఇది తప్పు, గుర్తు రాకపోతే పొరపాటు అనుకోవచ్చు. ఆమె ఆ అక్షరాలను పక్కకు నెట్టింది. తనకు తెలుసని తనకు తనే చెప్పుకుంది. ఎంత గట్టిగా చెప్పుకుందంటే నిజంగానే తెలిసినట్టు అనిపించింది. బల్ల మీద రెండుసార్లు కొట్టింది.

"వాసన పోతే గాలి పోయినట్టే."

గీత తాడిచెట్టులా నిలబడింది. గాజు అవతల చప్పట్లు కొట్టారు.

టోపీల ప్రారంభానికి పెద్దవాళ్లు వస్తారని బడికి సున్నం వేయించారు. వెనక గోడకు వేసేటప్పుడు సున్నం బకెట్ పట్టుకున్నది ఎవరో కాదు, అనసూర్యే. ఆ తర్వాత ఏమో గంట కూడా సాగలేదు. పెట్టి చూసింది. పిల్లలు చేతులు కట్టుకుని కూర్చున్నారు. అడగడానికి వాళ్లకేమీ లేదు.

భానుతేజ పోయిన రోజు ఆదివారం. మూతబడిన పాత తోళ్ల ఫ్యాక్టరీ వెనక మడ్డి గుంట ఒకటుంది. పైన ఎండి, గట్టి నేలలా కనిపిస్తుంది. పోచవ్వ మేకపిల్ల అందులో పడింది. దాని కాళ్లకు పై పెచ్చు పగిలింది. భానుతేజ, వాడి చెల్లెలు లాస్య దాని అరుపు విని ఉరికారు. అంచుకు పోగానే గుప్పున వాసన. పాఠం చెప్పినట్టే ఇద్దరూ వెనక్కి జరిగారు. పది అడుగులు. బుద్ధిగా నిలబడ్డారు. మేకపిల్ల అరుపు సన్నబడుతూ ఉంది. లాస్య అంచు దగ్గరికి వెళ్లి వాసన చూసింది. ఏమీ లేదు. పోయింది అంది. అన్న గుంట గోడ మీద రెండుసార్లు కొట్టి ఇనుప మెట్లు దిగాడు. నాలుగో మెట్టు దగ్గర చేతులు వదిలేశాడు. అంచున ఉన్న లాస్య కూడా తూలి పడింది, కానీ బయటికి పడింది. తొమ్మిదేళ్ల వాడిని కొక్కెంతో లాగాల్సి వచ్చింది.

శవం దగ్గర పోచవ్వ ఏడవలేదు. నలభై ఏళ్లు ఆ ఫ్యాక్టరీలో తోళ్లు నానబెట్టిన చేతులు ఒళ్లో పెట్టుకుని అనసూర్యతో ఒకటే చెప్పింది.

"వాసన కొట్టినంత సేపు భయం లేదు టీచరమ్మా. బందైందంటేనే ఉరకాలె. గాలి ఎక్కువైతే మొదలు ముక్కును సంపుతది, తర్వాత మనిషిని. తోళ్లల్ల పనిజేసినోళ్లకు అందరికి ఎరుకే."

అనసూర్య ఆమె పక్కన నేల మీద కూర్చుంది.

"పోరగాండ్లకు చెప్పిన" అంది ముసలామె. "తప్పు బాపమ్మా అన్నరు. గిట్ల గొట్టి అన్నరు." వేలితో తన మోకాలి మీద రెండుసార్లు కొట్టి చూపింది. "నన్నెవలు అడిగిండ్రు?"

విచారణకు ముగ్గురు వచ్చారు. బడిలోనే కూర్చున్నారు. అనసూర్య దాచలేదు. పద్నాలుగుసార్లు గీత పడిపోవడం, తను తేల్చుకోవడం, అంతా చెప్పింది. ఆ మాట పదకొండు లక్షల తలల్లో ఉంది, రేపు ఏ బావిలోనో ఏ డ్రైనేజీలోనో ఇంకోడు దిగుతాడు, టోపీలు ఆపండి అంది. పెద్దాఫీసరు ఆమెకు నీళ్లిప్పించాడు. పిల్లవాడు పోయిన దుఃఖంలో ఉన్నారు మీరు అన్నాడు. ప్రయోగశాల కాగితాల్లో ఆ పాఠం పక్కన పూర్తి నిశ్చయం అని రాసి ఉందని చూపించాడు. ఆమె నిశ్చయమే.

తర్వాత చూసిన సాక్షిని పిలవమన్నారు. చూసింది లాస్య ఒక్కతే. మూడో తరగతి. తల్లి మంజుల కొంగు పట్టుకుని వచ్చింది. ఆఫీసరు మెత్తగా అడిగాడు. అన్న దిగినప్పుడు వాసన ఉందామ్మా? లేదంది. అంటే గాలి ఉందా?

లాస్య కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. వేలు మాత్రం దాని పని అది చేసింది. టక్ టక్.

"వాసన పోతే గాలి పోయినట్టే. అన్న కాలు జారిండు."

గొంతు పిల్లది. మాట విరుపు, ఊపిరి తీసుకునే చోటు, అన్నీ అనసూర్యవి. ఆమెకు తన గొంతే తనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పినట్టుంది. ఆఫీసర్లు రాసుకున్నారు. కాలు జారి. గురువారం జిల్లా ఆఫీసులో పిల్లను ఇంకోసారి అడిగి సంతకాలు పెట్టేస్తామన్నారు.

విహారి ఆ సాయంత్రమే ఫోన్ చేశాడు. అతనికి నిద్ర పట్టడం లేదట. దిద్దుబాటు అచ్చు వేద్దాం రండి అన్నాడు. వెళ్లింది. వాసన పోతే ఇంకా ప్రమాదం అని చెప్పింది. గీత లేవలేదు. మంచు చల్లగా ఉంటుంది అంది. లేవలేదు. నిప్పు కాలుతుంది అంది. గీత నేల మీద పాములా పడుకుని ఉంది. ఆమె తలలో గట్టిగా నిలబడే మాట ఒక్కటీ మిగల్లేదు. ఇంకో మనిషిని వెతికి అచ్చు తీయాలంటే పైవాళ్లు ముందు తప్పు ఒప్పుకోవాలి అన్నాడు విహారి. ఒప్పుకోవాలంటే గురువారం ఆ పిల్ల వేరే మాట చెప్పాలి.

"అచ్చు పడ్డది మాటలతో పోదు మేడం. తన కళ్లతో, తన ముక్కుతో ఎదురుదెబ్బ తగిలితే పోవచ్చేమో" అన్నాడు. అతను తన సొంత మాటకు ఏమో తగిలించడం ఆమె వినడం అదే మొదలు.

దారంతా ఆమె ఒకటే ఆలోచన నమిలింది. లాస్యకు ఆ అచ్చు పోతే ఏం మిగులుతుంది? పోయింది అని చెప్పింది ఆ పిల్లే. అన్న కాలు జారాడన్న అబద్ధం ఉన్నంత కాలం దానికి అన్నం దిగుతుంది. అబద్ధం తీసేస్తే, ఎనిమిదేళ్ల పిల్ల చేతిలో అన్న చావు పెట్టినట్టు. తీయకపోతే పదకొండు లక్షల మంది గుంటల అంచున బుద్ధిగా నిలబడి ఉంటారు. ఇట్లాంటి లెక్క ఏ పుస్తకంలో ఉంది?

ఆమె మంజుల దగ్గరికే పోయింది. దాచకుండా చెప్పింది, లాస్య ఏమందో కూడా. మంజుల తోళ్ల మీద ఉప్పు చల్లుతూ ఉంది. చేయి ఆపలేదు.

"నా కొడుకును మీ మాట తిన్నది. ఇగ బిడ్డను గూడ తినవెడ్తరా?"

అనసూర్య నిలబడే ఉంది. మంజుల బుట్ట ఖాళీ అయ్యేదాకా చల్లి, చేతులు దులుపుకుంది. మా చెల్లె పిల్లలిద్దరు గూడ టోపీ పెట్టుకుంటరు, వాళ్లింటెనక బావి ఉంది అంది. సోమవారం పొద్దున లాస్యను చేయి పట్టుకుని బడికి తీసుకొచ్చి, తలుపు దగ్గర కూర్చుంది.

వెనక గదిలో అలమారా మీద అనసూర్య ఒక గంప పెట్టింది. గుడ్డ కప్పిన ఎండుచేపలు. కిటికీలు మూసింది. ముక్కు పగిలే వాసన. లాస్య మూతి ముడిచింది. ఇద్దరూ కూర్చుని గవ్వలాట ఆడారు. పావుగంట అయింది. వాసన ఉందా బిడ్డా? లేదు టీచర్. మరి చేపలు? టక్ టక్. లేవు. ఎవరు తీసుకపోయిండ్రు? లాస్య తెల్లమొహం వేసింది. బయటికి తీసుకెళ్లి, బడి చుట్టూ రెండుసార్లు తిప్పి మళ్లీ లోపలికి తెచ్చింది. గుప్పుమంది. మళ్లీ తెచ్చి పెట్టిండ్రు అంది లాస్య, వేలితో కొట్టి. తలుపు దగ్గర కూర్చున్న తల్లిని చూపించి, ఎవరన్నా వచ్చిండ్రా అడుగు అంది టీచర్. పిల్ల అడగలేదు. అడగడం దానికి చేత కావడం లేదు.

మంగళవారం కూడా అంతే. ఆ సాయంత్రమే ఇంకో జిల్లా నుంచి కబురొచ్చింది, గోబర్ గ్యాసు గుంటలో ఒక అమ్మాయి. పేపరులో నాలుగు లైన్లు. కాలు జారి.

బుధవారం అనసూర్య గంపను అలమారా మీద పెట్టలేదు. లాస్య ఒళ్లోనే పెట్టింది. గుడ్డ కూడా తీసేసింది. ఒక చేపను పిల్ల అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది. ఆటలేదు, పాటలేదు. ఇద్దరూ ఊరికే కూర్చున్నారు. పక్క గదిలో పది గంటలకు టోపీలు పెట్టారు. తీశారు.

"వాసన ఉందా?"

"లేదు."

"చేప?"

లాస్య వేలు లేచింది. గంప అంచు మీద ఒకసారి కొట్టింది. టక్.

రెండోసారి లేచిన వేలు గాలిలోనే ఆగిపోయింది. లాస్య దాన్ని చూసింది, ఎవరిదో వేలును చూసినట్టు. తర్వాత అరచెయ్యి తెరిచింది. చేప ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. తీసింది. మళ్లీ పెట్టుకుంది. తలుపు దగ్గర మంజుల కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ తర్వాత పిల్ల మొహంలోంచి రక్తం దిగిపోవడం అనసూర్య చూసింది. కనపడేటట్టు దిగింది.

"నేను వాసన పోయిందన్న టీచర్. నేనంటేనే అన్న దిగిండు."

దీనికోసమే మూడు రోజులు కష్టపడింది ఆమె. వచ్చింది. ఇప్పుడు దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గంప పక్కకు నెట్టి పిల్ల రెండు చేతులూ పట్టుకుంది. ఆ చేతులు చేపల ఉప్పుతో గరుకుగా ఉన్నాయి.

"నీ మాట గాదు బిడ్డా అది. నాది. నీ నోట్ల నేను వెట్టిన. భాను ఆ ప్రశ్న నన్నే అడిగిండు, గీ గోడ మీద రాసిండు. నాకు తెల్వదు. తెల్సని చెప్పిన."

లాస్య చేతులు విడిపించుకుంది. ఏడుస్తుందనుకున్నారు ఇద్దరూ. ఏడవలేదు. టీచరు మొహంలోకి చూసింది, తిన్నగా, టోపీలు రాకముందు శనివారాల్లో చూసినట్టు.

"మరి మీకెవలు చెప్పిండ్రు?"

ఎవరూ చెప్పలేదు. గీత లేవాలి, కారు ఆగి ఉంది, అంతే. అనసూర్య లేచి, బడి వంట పొయ్యి దగ్గరి నుంచి బొగ్గు ముక్క తెచ్చి పిల్ల చేతిలో పెట్టింది. లాస్య వెనక గోడ దగ్గరికి పోయి, తెల్లటి సున్నం మీద ఆ ప్రశ్న రాసింది. మీకు ఎవలు చెప్పిండ్రు. ప్రశ్నార్థకం పెట్టడం మరిచిపోయింది, మళ్లీ వెళ్లి పెట్టింది.

"రేపు ఆ సార్లను గూడ ఇదే అడగాల్నా?"

"అడుగు."

"చెప్తరా?"

పక్క గదిలో ఎవరో పాఠం అడిగారు. ఇరవై ఒక్క వేళ్లు ఒకేసారి బల్లల మీద పడ్డాయి.

"ఏమో బిడ్డా" అంది అనసూర్య.